కేక వేసే పెట్టె

నలభై ఏడేళ్ల వయసులో మెడలో ‘ఇంటర్న్’ అని రాసిన కార్డు తగిలించుకుని తిరిగిన మనిషి నెల్లూరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ కార్డు మీది ఫొటోలో నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాను. నిజానికి అది నవ్వు కాదు. ఫొటో తీసినవాడు “ఇటు చూడండి ఆంటీ” అన్నాడు. ఆంటీ అన్నందుకు నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నొక్కాడు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. చదువు అవగానే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. పిల్లలు చేరక ఆ కాలేజీ మూతబడేదాకా చెబుతూనే ఉన్నాను. ఏటా ఒక గుంపును ఇంజనీర్లను చేసి బయటికి తోలడం, నేను మాత్రం సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడడం. ఊరందరికీ పెళ్లిళ్లు కుదిర్చి తాను బ్రహ్మచారిగా మిగిలిన పేరయ్య బతుకు. కాలేజీ పోయాక కోవూరులో మా ఇంటి వసారాలో ట్యూషన్లు చెప్పుకుంటే చాలని మా ఆయన సలహా ఇచ్చారు. నాకు చాలలేదు. నా చేయి పడిన వస్తువు ఒక్కటైనా ఎండలో వానలో బయట ఎక్కడో నిలబడి పనిచేస్తుంటే కళ్లారా చూడాలి, ఆ తరువాత కావాలంటే వసారాలో కూర్చుంటాను అన్నాను. ఇంట్లో వాదనలో ఎప్పుడూ నాదే పైచేయి కాబట్టి ఆయన కాఫీ గ్లాసు అందుకున్నారు.

మైపాడు రోడ్డు వైపు రొయ్యల గుంటలకు కంట్రోల్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టగానే కుర్చీలో ఉన్నవాడు దిగ్గున లేచి నిలబడ్డాడు. నా పాత విద్యార్థి. వెనక బెంచీ. నా క్లాసులో లోపల కన్నా వరండాలో ఎక్కువ కాలం గడిపినవాడు. ఇప్పుడు కంపెనీ వాడిదే. నన్ను కూర్చోమని, తాను మాత్రం నిలబడే, ఖాళీ ఉన్నది ఇంటర్న్ పని ఒక్కటే మేడమ్, ఆరు నెలలు, పిల్లలతో పాటే, అని నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఆఖర్లో మేము రాసినదాని ప్రకారం తయారైన పెట్టె గుంట మీద పరీక్ష నెగ్గితే ఇంజనీరు పోస్టు. నెగ్గకపోతే, అని ఆగిపోయాడు.

“నెగ్గకపోతే ఇంటికి. అంతేగా సార్?” అన్నాను.

సార్ అనగానే సుద్దముక్క తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు. ఇక్కడి నుంచి ఆయన అనే రాస్తాను. జీతమిచ్చే మనిషిని వాడు అనకూడదు.

నాతో పాటు చేరిన ఇంటర్న్ ఒక పిల్ల, రోజూ బిట్రగుంట నుంచి రైల్లో వచ్చేది. మొదటి రోజే ఒప్పందం చేసుకున్నాం: ఆంటీ అంటే నేను పలకను, మేడమ్ అంటే తను పలకదు. అక్క దగ్గర రాజీ కుదిరింది. ఆ పిల్ల పకపకా నవ్విందంటే పక్క గదిలో సోల్డరింగ్ చేసేవాళ్లకు గురి తప్పేది.

మా పనికి సిస్టమ్స్ ఇంజనీరింగ్ అని పెద్ద పేరు. మన పెళ్లిళ్లలో దాన్ని మేనత్త చేస్తుంది. వంటవాళ్లకు వంట తెలుసు, పందిరివాళ్లకు పందిరి తెలుసు, మేళంవాళ్లకు మేళం తెలుసు. గాడిపొయ్యి పొగ పెళ్లిపీటల మీదికి కొట్టకుండా చూడాలని మాత్రం మేనత్తకే తెలుస్తుంది. మేము చేసే పెట్టె రొయ్యల గుంటలో ఏరియేటర్లను, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే ఆ చక్రాలను, చూసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు నీళ్లలో ఆక్సిజన్ బాగా ఉంటే కరెంటు దండగ కాకుండా తనే ఆపుతుంది, తగ్గగానే తనే వేస్తుంది. అది ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక్కొక్కటి ఒక్కో వాక్యంగా రాయాలి. ప్రతి వాక్యానికి ఒక పరీక్ష ఉండాలి. పరీక్ష లేని వాక్యం కోరిక కిందికే వస్తుంది.

ఆ వాక్యాలు రాయడానికి మాకు ఏఐని ఇచ్చారు. రైతు చెప్పింది, మోటారు తయారీవాళ్ల కాగితాలు, కరెంటు లెక్కలు అన్నీ దానికి తినిపిస్తే వాక్యాలు రాసి పెట్టేది, ఇది దానికి అడ్డం వస్తుందని పట్టుకునేది, దీనికి పరీక్ష రాయలేదని గుర్తుచేసేది. ఎంత పని చేసినా ఒళ్లునొప్పులని అనదు. మొదటి వారం నేను గాల్లో తేలాను. ఒకటే చిక్కు. నేను ఏమన్నా ఒప్పేసుకునేది. ఈ వాక్యం తప్పు అంటే, అవును, మీరు చెప్పింది నిజమే అనేది. మళ్లీ ఆలోచించి, కాదు ఒప్పే అంటే, అదీ నిజమే అనేది. నాలాంటిదానికి అంతకన్నా అవమానం ఉండదు. బరిలోకి దిగిన పుంజు ముందు ఎదుటి పుంజు కాళ్లు బారజాపి పడుకున్నట్టుంది. పిల్లతో అంటే, వాదించమని నువ్వు చెప్పలేదు గదక్కా అని కీబోర్డు లాక్కుని నాలుగు ముక్కలు కొట్టింది: ఈమె చెప్పినదానికి కారణం లేకపోతే ఒప్పుకోవద్దు, ఎదురు చెప్పు, ఉదాహరణ అడుగు.

ఆ రోజు నుంచి నా బతుకే మారిపోయింది. అది ఎదురు చెప్పడం మొదలుపెట్టింది. ‘వెంటనే’ అని రాస్తే ఎంతసేపట్లో అని అడిగేది. ‘రైతుకు సులువుగా ఉండాలి’ అని రాస్తే ఏ రైతుకు, తడి చేతులతోనా పొడి చేతులతోనా అనేది. కాలేజీ స్టాఫ్ రూములో ఇంత మంచి గొడవ నాకు ఎన్నడూ దొరకలేదు. సాయంత్రం పెన్నా వంతెన మీద బస్సులో కూర్చుని రేపు దాన్ని ఎలా ఇరికించాలా అని నాలో నేను నవ్వుకునేదాన్ని. ఇంటికి వచ్చేసరికి నాకు వాదించే ఓపిక ఉండేది కాదు. మా ఆయన టీవీ రిమోటు పట్టుకుని, ఆ యంత్రం ఎవరు చేశారో గాని వాళ్ల కడుపు చల్లగుండ అని దీవించేవారు.

పరీక్షకు ఒప్పుకున్న గుంట ఇందుకూరుపేట దాటాక, సముద్రానికి దగ్గర్లో ఉంది. ఆ గుంట రైతు చర్చిలో పాటలు పాడే మనిషి. మాట మెత్తన. ఏం అడిగినా “మంచిదమ్మా” అంటాడు. ఏఐ తయారుచేసిన ప్రశ్నలన్నీ ఆయన్ను కూర్చోబెట్టి అడిగాం. ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, ఉప్పుచేపతో అన్నం పెట్టి పంపాడు. ఒక్క ప్రశ్న మిగల్లేదని పిల్లా నేనూ దారి పొడుగునా మురిసిపోయాం.

పరీక్ష రోజు ఎండ మండిపోతోంది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది, ఆక్సిజన్ చాలినంత ఉందని చూపించింది, ఏరియేటర్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆ రొద ఆగేసరికి సముద్రం హోరు వినిపించింది. ఎన్నిసార్లు వచ్చినా అక్కడ సముద్రం వినడం అదే మొదటిసారి. పిల్ల ఫోన్లో వీడియో తీస్తూనే ఎగిరింది. నేను చప్పట్లు కొట్టాను. మా సార్ కూడా, నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని, కొట్టారు.

చప్పట్లు ఆగకముందే గట్ల మీద మనుషులు కనబడ్డారు. పరిగెత్తుకొస్తున్నారు. లుంగీ ఎగ్గట్టుకుని ఒకాయన, బండి మీద ఒకాయన, మేత చల్లే చేట చేతిలో పట్టుకునే చీర దోపుకుని ఒకామె, ఇంకా ఎవరెవరో. మమ్మల్ని అభినందించడానికే అనుకుని నేను చెంగు సర్దుకున్నాను. వాళ్లు మా పక్కనుంచి దూసుకుపోయి షెడ్డులో జనరేటర్ వేసేశారు. ఏరియేటర్లు మళ్లీ గయ్యిమన్నాయి. రెండు వైపుల నుంచీ కరెంటు వచ్చేసరికి మా పెట్టె బెదిరిపోయి ఎర్రదీపం వెలిగించుకుని మూగదైపోయింది.

చేట పట్టుకున్నామె పక్క గుంట ఆవిడ. నా ఈడుదే. నడుం మీద చేయి వేసుకుని ఎవురు ఆపినారని అడిగింది. పెట్టె ఆపిందన్నాను.

“కేకెయ్యకుండానా?” అంది.

అప్పుడు బయటపడింది. అక్కడ ఎవరి గుంటలోనైనా చేత్తో ఏరియేటర్లు ఆపేటప్పుడు, ముందు పక్క గట్లకు వినబడేలా ‘ఆపుతుండా’ అని కేక వేసి మరీ ఆపుతారు. కేక లేకుండా రొద ఆగిందంటే కరెంటు పోయిందనో, మోటారు కాలిందనో లెక్క. అప్పుడు ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు పరిగెత్తి, గుంట ఎవరిదైనా సరే, జనరేటర్ వేస్తారు. ఎవరికీ ఎవరితోనూ పగలు పెట్టుకునే తీరిక ఉండదు ఆ కాసేపు. రొయ్యలు ఊపిరాడక పైకి తేలితే ఆ పంట మళ్లీ రాదు.

ఇంత సంగతి మాకెందుకు చెప్పలేదని మా రైతును నిలదీశాను. ఆయన నొచ్చుకున్నాడు. “కేకేస్తారని కూడా చెప్పాల్నా అమ్మా? అన్నం నోటితో తింటామని చెప్పినామా?” అన్నాడు.

ఆ తరువాత అక్కడ జరిగిన రభస నేను మరిచిపోలేను. అందరూ ఒకేసారి మాట్లాడారు. మా పెట్టెను, మా చదువులను, మా చప్పట్లను కలిపి దులిపారు. పక్క గుంట ఆవిడ నాలుక పదును చూసి నాకు ముచ్చటేసింది. మా సార్ వైపు తిరిగి, దున్నపోతు మీద వాన పడినట్టు నిలబడుండావేంది అబ్బయ్యా, పెట్టె చేసినావే, దానికి నోరు పెట్టాలని తెలీదా అని అడిగింది. నేనూ తగ్గలేదు. చాలాకాలానికి నా ఎత్తు మనిషి దొరికింది. మా సార్ ముఖం మాత్రం వెలవెలబోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో, పరీక్ష పోయినట్టే మేడమ్ అన్నారు. రొయ్యలు పట్టేలోగా ఇంకొక్కసారి చేయనిస్తానని రైతు మాట ఇచ్చాడని, అదీ పోతే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదని, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. నా పోస్టు సంగతి అది. నాకు తెలుసు. మా ఇంటి వసారా కళ్ల ముందు కదిలింది, ట్యూషను పిల్లల చెప్పులతో సహా.

మర్నాడు వెళ్లగానే ఏఐ మీద పడ్డాను. కేక సంగతి ఎందుకు అడగలేదని దులిపాను. అది నిదానంగా జవాబిచ్చింది: మీరు ఇచ్చినదాంట్లో ఒక్క రైతే ఉన్నాడు, పక్క గుంటలవాళ్లు ఎవరూ లేరు, వాళ్ల మాటలేమైనా ఉంటే ఇవ్వండి. జవాబులో వంక లేదు. వంక లేని జవాబు విన్నప్పుడు నాకు పుట్టే ఒళ్లుమంట మా ఇంట్లో అందరికీ తెలుసు.

వాళ్ల మాటలు ఉన్నాయి. పిల్ల ఫోన్లో వీడియో తీయడం ఆపనేలేదు. గట్టు మీది రభస మొత్తం, నా గొంతుతో సహా, అందులో ఉంది. దాన్నంతా ఏఐకి తినిపించాం. వాక్యాలు ఒక్కొక్కటే తెరమీదికి వస్తుంటే నేనూ పిల్లా బల్ల మీద పడి నవ్వాం. తిట్లన్నీ స్నానం చేసి ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చాయి. పెట్టెకు నోరు పెట్టాలని తెలీదా అన్నది ‘ఆపుటకు ముందు వ్యవస్థ శబ్దముతో తెలియజేయవలెను’ అయింది. చప్పట్లు కొడతా నిలబడినారే అన్నది ‘పరీక్ష సమయమున పొరుగు గుంటలవారికి ముందుగా తెలుపవలెను’ అయింది. దున్నపోతు మీద వాన అన్నదాన్ని మాత్రం ‘వ్యవస్థ వర్షములో సైతము పనిచేయవలెను’ అని రాసింది. పిల్ల నవ్వలేక కడుపు పట్టుకుని కింద కూర్చుంది. నేను దాన్ని కొట్టేయబోయి ఆగాను. నిజమే, స్పీకరు పెడితే వానకు తడవకుండా చూడాలని మాలో ఎవరూ రాయలేదు. ఉంచేశాం.

వాక్యం రాస్తే పరీక్ష ఉండాలి. కేక ఎంత దూరం వినబడాలి? పక్క గుంట దాటి ఆ పక్క గట్టు మీద, అన్ని ఏరియేటర్లూ తిరుగుతుండగా వినబడాలని ఏఐ పట్టుబట్టింది. పక్క గట్టు చాలదా అని నేను వాదించాను. ఆ రోజు బండి మీద వచ్చిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో గుర్తు చేసుకోండి అంది. ఓడిపోయాను. ఓడిపోయినందుకు పిల్లకు బజ్జీలు తినిపించాను.

స్పీకరు తెచ్చారు. కంప్యూటరుతోనే ఒక తియ్యటి ఆడగొంతు చేయించారు మా సార్. “గమనించగలరు. ఏరియేటర్లు కొద్దిసేపట్లో నిలుపబడును.” పిల్ల విని, అక్కా, ఈమె మా బిట్రగుంట స్టేషన్లో రైళ్ల సంగతి చెప్పే ఆమె చెల్లెలు మాదిరుండాది అంది. గుంట దగ్గరికి వెళ్లి, ఈసారి అందరికీ ముందే చెప్పి, ఉత్తినే ఆ గొంతు వినిపించాం. పక్క గట్టు మీదున్న ఆవిడ తల కూడా తిప్పలేదు. వినబడలేదా అని వెళ్లి అడిగితే, వినబడిందిలే, ఐస్‌క్రీం బండి అనుకున్నా అంది.

ఎండ నెత్తిన కొడుతోంది. మా సార్ అటు రెండు గుంటల అవతల స్పీకరు తీగలు సర్దుతూ, ఇంకొంచెం తియ్యగా చేద్దాం మేడమ్ అని ఫోన్లో అంటున్నారు. తియ్యగా అనేసరికి నాకు తిక్క రేగింది. ఫోను పక్కన పెట్టేసి, పాతికేళ్లు బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి సానబట్టిన గొంతుతో, “ఆ తీగలు ఆడబెట్టి ఇట్రారా” అని అరిచాను.

అన్ని ఏరియేటర్లూ తిరుగుతూనే ఉన్నాయి. అయినా మా సార్ తీగలు వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చేశారు. మూడో గట్టు మీద ఎవరో మేత చల్లడం ఆపి నిలబడ్డారు. నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. జీతమిచ్చే మనిషిని. పోస్టు ఇంక అడగక్కర్లేదనుకున్నాను.

పక్క గుంట ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“ఇదిగో, ఈ గొంతు పెట్టండి,” అంది.

మా సార్ ఆయాసపడుతూ నా ముఖం చూశారు. పిల్ల అప్పటికే ఫోను నా నోటి దగ్గర పెట్టేసింది. నేను ‘ఏరియేటర్లు ఆపుచున్నాము’ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, అది పాఠం మాదిరుండాది, కేక మాదిరి అనమంది. మళ్లీ అన్నాను. గొంతులో చదువు తగ్గించమంది. నాలుగు రకాలుగా తిట్టి, దీర్ఘం ఎక్కడ తీయాలో నేర్పించి, చివరికి ఒప్పుకుంది: “ఆపుతుండా... ఎవురూ రామాకండి.”

అసలు పరీక్ష రోజు నాకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. పచ్చదీపం వెలిగింది. స్తంభం మీది స్పీకరులోంచి నా గొంతు, నేను నోరు మూసుకునే ఉండగా, గుంటలన్నిటి మీదుగా పరిగెత్తింది. మా సార్ ఒక్క క్షణం నిటారుగా నిలబడి, తరువాత సర్దుకున్నారు. ఏరియేటర్లు ఆగాయి. మళ్లీ సముద్రం వినిపించింది.

ఇక మాకు కావలసింది ఎవరూ రాకపోవడం. అలా ఎవరూ రాకూడదని గట్లన్నీ కళ్లతో వెతకడం ఎంత విచిత్రమో. లుంగీ ఆయన తల ఎత్తి, విని, మళ్లీ వంగి తన పని చూసుకున్నాడు. బండి కదల్లేదు. పిల్ల నా చేయి గిల్లుతూ ఉంది, చర్మం ఊడొచ్చేలాగా. అంతలో చేట పట్టుకుని పక్క గుంట ఆవిడ గట్టు మీద కనబడింది, మా వైపే. కానీ పరుగు లేదు. పెళ్లి పేరంటానికి వచ్చినట్టు నింపాదిగా నడిచి, షెడ్డు వైపు కన్నెత్తైనా చూడకుండా, నేరుగా నా దగ్గరికి వచ్చి ఆగింది. తన గుంటకూ ఒక పెట్టె కావాలంది. అయితే అందులో నా గొంతు ఉండకూడదు, తన గుంటలో తన గొంతే పలకాలంది.

మా రైతు మంచిదమ్మా అన్నాడు. పెట్టె ఆక్సిజన్ చూసుకుంటూ, అనుకున్న మట్టానికి తగ్గగానే తనే మళ్లీ ఏరియేటర్లు వేసుకుంది. జనరేటర్ జోలికి ఎవరూ పోలేదు.

మా సార్ నా దగ్గరికి వచ్చి, రేపు ఆఫీసులో ఆ పాత కార్డు ఇచ్చేయండి మేడమ్ అన్నారు. నా ముఖం చూసి కంగారుపడి, కొత్తది ఇంజనీరు అని రాయించాలి గదా అని గబగబా చెప్పారు. అయితే ఫొటో కూడా కొత్తది తీయించండి సార్ అన్నాను.

“ఆ సార్ ఒకటి మానేస్తే బాగుంటుంది మేడమ్. మొన్న రారా అన్నప్పుడే హాయిగా ఉండింది,” అన్నారు.

ఆ మాటకు బదులిచ్చేలోపే పక్క గుంట ఆవిడకు మా ముచ్చట్లు విసుగు పుట్టించాయి. తన గొంతు ఫోనులోకి ఎప్పుడు పట్టుకుంటారని అడిగింది. పట్టుకోవడానికేం గాని మూడో గట్టు దాకా పోతుందా అని నేనన్నాను. నీ గొంతు పోయిన చోటికి నాది పోదంటావా మే అని ఆమె అంది. రుజువు ఉండాలన్నాను, పరీక్ష లేనిది మా దగ్గర చెల్లదన్నాను. ఆమె చేట కింద పెట్టింది. ఇద్దరం గట్టు మీద పక్కపక్కన నిలబడి, సముద్రం వైపు తిరిగి, ఒకరి తరువాత ఒకరం ‘ఆపుతుండా’ అని గొంతు చించుకుని అరిచాం. మొదట ఆమె, తరువాత నేను, ఆ తరువాత ఎవరి వంతో కూడా మరిచిపోయి ఇద్దరం ఒకేసారి.

కేక వినబడింది గాని ఏ గుంటలోనూ రొద ఆగలేదు. అది ఇంకా పెద్ద గండం అనుకున్నారేమో, అన్ని గట్ల మీద నుంచీ మనుషులు మా వైపు పరిగెత్తుకొచ్చారు, లుంగీ ఆయన అందరికన్నా ముందు. ఆపకుండా కేక వేయరాదు అనే వాక్యం మాత్రం మా దగ్గర ఇంకా లేదు.